పార్టీ మారిన నల్లజాతి ఫ్రెండ్‌తో రాజకీయాలు మాట్లాడాలంటే

అమెరికాలో మీ ఆఫీసులో ఒక నల్లజాతి ఆయన "ఇప్పుడు నేను రిపబ్లికన్లకే ఓటేస్తున్నా" అంటే ముందు నోరెళ్లబెట్టకండి. వాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ డెమోక్రాట్లకే వేస్తారు కాబట్టి, అయినవాళ్ల దగ్గరే ఆయన ఈపాటికి చాలా మాటలు పడి ఉంటాడు.

"ఎందుకు మారావ్" అనకుండా, ఏ పని చేస్తుంటే ఆ ఆలోచన వచ్చిందో అడగండి. షాపు, లైసెన్సు, పన్నులు, ఇంటి లోను... అసలు కథ అక్కడే ఉంటుంది.

కాస్త చరిత్ర కూడా చూసుకుని వెళ్లండి. రిపబ్లికన్లు తరచూ చెప్పే "సొంత కాళ్ల మీద నిలబడాలి" అన్నది వాళ్లకి ఎవరో కొత్తగా నేర్పిన మాట కాదు: నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ 1881లో అలబామాలో టస్కెగీ స్కూలు నడపడం మొదలుపెట్టి, భవనాలకి ఇటుకలు కూడా విద్యార్థులతోనే చేయించాడు. నల్లజాతి ఆర్థికవేత్త థామస్ సోవెల్ అయితే కుర్రతనంలో మార్క్సిస్టు, 1960లో కార్మిక శాఖలో ప్యూర్టోరికో కనీస వేతనాల లెక్కలు చూస్తూ చూస్తూ స్వేచ్ఛా మార్కెట్ వైపు మనసు మార్చుకున్నాడు.

అవతలి వాదన కూడా తీసిపారేయకండి. ఓక్లహోమాలోని తుల్సా నగరంలో సొంతంగా ఎదిగిన నల్లజాతివాళ్ల పేట గ్రీన్‌వుడ్‌ని 1921లో తెల్లవాళ్ల మూక తగలబెట్టింది, చట్టం అండ లేకపోతే షాపు ఉండి ఏం లాభం?

"మేమూ కష్టపడే పైకొచ్చాం" అనే పోలిక మాత్రం దయచేసి వద్దు. మనకి తలుపులు తీసిన 1965 వలస చట్టం వాళ్ల పౌరహక్కుల పోరాటం ఊపులో వచ్చిందే.