మైగ్రేనా, పక్షవాతమా? ముందే తెలిసి ఉండాల్సిన జాగ్రత్తలు

మైగ్రేన్ తరచూ వచ్చేవాళ్లు చెయ్యి తిమ్మిరెక్కినా, చూపు మసకబారినా "ఎప్పుడూ ఉండేదేలే" అని మాత్ర వేసుకుని చీకటి గదిలో పడుకుంటారు. వచ్చింది పక్షవాతమైతే చికిత్సకు పనికొచ్చే గంటలు ఆ నిద్రలోనే పోతాయి.

రెండింటినీ విడదీసే మొదటి గుర్తు వేగం. కొందరికి తలనొప్పికి ముందు చూపులో, స్పర్శలో తేడాలొస్తాయి, వీటినే ఆరా (aura) అంటారు. మెదడు పైపొరలో నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్లు పాకే విద్యుత్ మార్పుల అల దానికి మూలం. కాబట్టి లక్షణాలూ పాకుతూనే వస్తాయి. చూపు మధ్యలో మెరిసే చుక్క మొదలై, రంపపు పళ్లలాంటి గీతగా మారి, పక్కకు జరుగుతూ పెద్దదవుతుంది. తిమ్మిరి వేళ్ల దగ్గర పుట్టి, చేతి మీదుగా ఎక్కి, పెదవులకూ నాలుకకూ చేరుతుంది. ఇలా ముదరడానికి 5 నిమిషాలైనా పడుతుంది. ఒక్కో లక్షణం మామూలుగా గంటలోపే తగ్గుతుంది.

పక్షవాతం ఒక్క క్షణంలో వచ్చి పడుతుంది. పైగా అందులో మెరుపులు కనిపించడం కాదు, చూపే పోతుంది. చీమలు పాకినట్టుండదు, మొద్దుబారి చేతిలోని గ్లాసు జారిపోతుంది. తలనొప్పి అసలు లేకపోవచ్చు కూడా. నొప్పి లేదు కదా అని ధైర్యపడకండి.

అనుమానం రాగానే మనిషిని నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతుందేమో చూడండి. కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచి 10 సెకన్లు ఉంచమనండి, ఒకటి వాలిపోతుందేమో. చిన్న వాక్యం చెప్పించండి, మాట ముద్దగా వస్తుందేమో. ఒక్కటి తేడాగా ఉన్నా అంబులెన్స్ పిలవండి. మెదడు వెనుక భాగంలో వచ్చే పక్షవాతం ఈ పరీక్షకు దొరక్కపోవచ్చు. హఠాత్తుగా తూలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం దాని గుర్తులు. ఒక్క కంటికే తెర దించినట్టు చూపు పోయినా, నిమిషంలోపే భరించలేనంత తలనొప్పి ముంచుకొచ్చినా అంతే అత్యవసరం.

అంబులెన్స్ వచ్చేలోపు, మనిషి చివరిసారి ఎప్పుడు బాగున్నాడో రాసిపెట్టండి. నిద్రలేచేసరికే లక్షణాలుంటే, పడుకోబోయే ముందు బాగున్న సమయమే లెక్క. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటలలోపే ఇస్తారు, అందుకే డాక్టర్ల మొదటి ప్రశ్న ఇదే. ఆస్పిరిన్ ఇవ్వకండి. రక్తనాళం మూసుకుపోయిందో చిట్లిందో స్కాన్ తీస్తే తప్ప తెలియదు, చిట్లి ఉంటే ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది. మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్ మాత్రలూ వద్దు, అవి రక్తనాళాలను కుంచింపజేస్తాయి. గుక్కెడు నీళ్లు కూడా పట్టకండి, మింగే శక్తి తగ్గి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. షుగర్ మందులు వాడేవారైతే గ్లూకోమీటర్‌తో చూడండి, షుగర్ బాగా పడిపోయినా ఇవే లక్షణాలు రావచ్చు.

పది నిమిషాల్లో అంతా సర్దుకుందా? అయినా వెళ్లాల్సిందే. గడ్డ కాసేపు అడ్డుపడి కరిగిపోయి ఉండొచ్చు. అసలు పక్షవాతం ముప్పు ఆ తర్వాతి 48 గంటల్లోనే ఎక్కువ.

ఆరా వచ్చేవాళ్లు అది ఏ పక్క మొదలవుతుందో, ఎన్ని నిమిషాలుంటుందో రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. వరస మారితే వాళ్లే ముందు పసిగడతారు. ఆరాతో మైగ్రేన్ ఉన్నవారికి పొగతాగడం, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు పక్షవాతం ముప్పును ఇంకా పెంచుతాయి, ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. కాలూచెయ్యీ చచ్చుబడే అరుదైన మైగ్రేన్ కూడా ఒకటుంది. అదో కాదో ఇంట్లో తేల్చుకోవాలని చూడకండి. 50 ఏళ్లు దాటాక మొదటిసారి ఆరా లాంటిది కనిపించినా పరీక్షలయ్యేదాకా మైగ్రేన్ అనుకోవద్దు.