గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక: తాళం వేసిన ఇంటిని మరవకుండా రాయడం ఎలా?

దేశంలో పేదరికాన్ని లెక్కించేందుకు నీతి ఆయోగ్ వాడే బహుముఖ పేదరిక సూచికలో పోషకాహారం, చదువు, తాగునీరు, ఇల్లు, బ్యాంకు ఖాతా వంటి 12 అంశాలున్నాయి. ఆ లెక్క జిల్లా వరకే దిగుతుంది. ఏ ఇంటికి ఏం కావాలో ఊరే చెప్పాలి. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగినవిగా చూపిన 29 అంశాల్లో పేదరిక నిర్మూలన కూడా ఉంది. మహిళా సంఘాలు రాసిన పేదరిక నిర్మూలన ప్రణాళిక గ్రామసభ ముందుకు వచ్చి, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో కలవాలి.

అన్నిటికంటే ముందు తేదీ చూసుకోండి. పంచాయతీలు ఈ ప్రణాళికలు రాసుకునేందుకు 2018లో మొదలైన ప్రజా ప్రణాళిక ప్రచారం సాధారణంగా అక్టోబరు 2 నుంచి నడుస్తుంది. మన నారాయణపేట, మక్తల్, కొడంగల్ పల్లెల్లోనూ, దేవరకొండ తండాల్లోనూ కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు దసరా, దీపావళి దాటగానే పుణె, బొంబాయి బస్సెక్కుతాయి కాబట్టి, డిసెంబరులో గ్రామసభ పెడితే ఎవరి కోసం ప్రణాళిక రాస్తున్నామో వాళ్లే ఊళ్లో ఉండరు. అందుకే ఇంటింటి వివరాలను బతుకమ్మ రోజుల్లోనే సేకరించాలని నా గట్టి అభిప్రాయం.

తర్వాత వాడవాడకూ వెళ్లి, నేల మీద ముగ్గుతో ఊరి పటం వేయించండి. ఇంటికొక చింతగింజ పెట్టించి, నిరుపేదలు ఎవరో, పేదలు ఎవరో వాడవాళ్లతోనే చెప్పించండి. ఒక తండాలో నేనిలా పటం వేయిస్తున్నప్పుడు తాళం వేసి ఉన్న ఇళ్లను అందరూ దాటేశారు. ఒక ముసలమ్మ వంగి, ఒక గడి మీద గింజ పెట్టి, "నా కొడుకూ కోడలూ పుణె పోయిండ్రు సారూ, పిల్లలు నా దగ్గర్నే ఉన్నరు" అంది. ఆమె పింఛను డబ్బుతోనే ముగ్గురి తిండి గడుస్తోంది. ఆ ఒక్క గింజతో ప్రణాళికలోకి రెండు పనులు చేరాయి: వలస కార్మికుల పిల్లలకు సీజనల్ హాస్టల్, తల్లిదండ్రులు తిరిగొచ్చేసరికి ఊళ్లోనే కూలి పని.

ఇక కాగితం మీద రాసేటప్పుడు ఇంటి హక్కులను, ఊరి అవసరాలను కలపవద్దు. రేషన్ కార్డు, పింఛను, జాబ్ కార్డు, గొర్రెలకో కుట్టుమిషనుకో రుణం వంటివి సంఘం సమావేశంలో ఒక్కో సభ్యురాలిని అడిగి, పేరు పేరునా రాయాలి. చెరువు పూడిక, దారి, అంగన్‌వాడీ వంటివి ఊళ్లోని మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘంలో తేల్చాలి. నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లయితే తాగునీటినే మొదట రాయండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీటిని ఏళ్ల తరబడి తాగి, ఎముకలు వంకర పోయి పనికి పోలేని మనిషి కష్టం ఏ ఆదాయ లెక్కలోనూ కనబడదు. నల్లా నీళ్లు ఏ వాడకు అందుతున్నాయో, ఏ ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతున్నారో ఆడవాళ్లను అడిగి రాసుకోండి.

గ్రామసభలో ప్రణాళికను చదివి వినిపించి, తీర్మానాల పుస్తకంలో రాయించి, ఆ పేజీ జిరాక్సు తీసుకోండి. దానిని గ్రామైక్య సంఘం రిజిస్టరులో అతికించి, ప్రతి నెలా సమావేశంలో ఏ పేరుకు ఏం అందిందో, ఏం అందలేదో ఎదురుగా రాయండి.