పూసలు చదవడం, 4వ పాఠం: ముందు కింది అంచు చూడండి

పోయిన పాఠంలో దక్షిణాఫ్రికాలోని ఎండెబెలె జాతివాళ్ళ పూసల ఏప్రన్ (నడుముకి ముందువైపు కట్టుకునేది) ఫొటో ఇచ్చి, అది ఎవరిదో చెప్పమన్నాను. ఎక్కువ మంది రాసిన జవాబు ఒకటే: "నలుపు ఎక్కువ, నలుపంటే దుఃఖం, కాబట్టి వితంతువుది." కాదు. అది వేడుకలో కట్టుకునేది.

2వ పాఠంలో జులూ అనే మరో జాతి పూసలకి ఒక్కో రంగుకి ఒక్కో అర్థం చెప్పే పట్టిక ఉంది, దాన్ని తెచ్చి దీనికి అతికించారు. ఆ పట్టిక జులూ పూసలకే అన్నిచోట్లా పనికిరాదు. నలుపు పెళ్ళి కావచ్చు, దుఃఖమూ కావచ్చు. పక్కన ఏ రంగుందో, ఏ ప్రాంతపు పనో చూస్తేగాని తేలదు. జులూలు ఉండే మ్సింగా ప్రాంతంలో ఇసిషుంక అనే రంగుల వరసకి 7 రంగులు: తెలుపు, లేత నీలం, ముదురాకుపచ్చ, లేత పసుపు, గులాబి, ఎరుపు, నలుపు. ఉమ్‌జాన్సి వరసకి 4: తెలుపు, ముదురు నీలం, గడ్డి పచ్చ, ఎరుపు. గులాబి ఉందంటే అది ఉమ్‌జాన్సి కాదు, అంతే. ఆ గులాబిలో ప్రేమ అనే అర్థం వెతక్కండి.

ఎండెబెలె పనిలో రంగు ముఖ్యంగా కాలాన్ని పట్టిస్తుంది. పాతవాటిలో నేపథ్యమంతా తెల్ల పూసలే, రంగు అక్కడక్కడా గీతల్లా ఉంటుంది. తర్వాతి వాటిలో రంగులు నిండిపోయాయి. "తెలుపు, అంటే పవిత్రత" అని రాస్తే సున్నా.

మనిషి ఎవరో చెప్పేది ఆకారం. ఉత్త కుచ్చులైతే లిఘాబి, చిన్నపిల్లది. అట్టలా బిగిసిన దీర్ఘచతురస్రం ఇసిఫెఫెతు, ఈడొచ్చిన క్రతువు ముగించిన అమ్మాయిది. రెండు పక్కలా చదరపు రెక్కలు, మధ్యలో కుచ్చు ఉంటే లిఫోతో. అంచు 5 వేళ్ళలా చీలితే ఇజోగోలో. ఈ చివరి రెండూ పెళ్ళయినవాళ్ళవి. మన ఫొటోలో వేళ్ళు ఐదు, ఒక్కరూ లెక్కపెట్టలేదు.

నడుముకి కట్టనివి రెండే చెబుతాను. భుజాల నుంచి నేలదాకా జారేది న్యోగ, అంటే పాము, పెళ్ళికూతురిది. తలకి రెండు వైపులా వేలాడే సన్నటి పొడుగు పట్టీలు లింగ కోబ, అంటే పొడవాటి కన్నీళ్ళు. కొడుకు మగవాడయ్యే క్రతువు ముగించాక తల్లి పెట్టుకుంటుంది. పిల్లవాడు చెయ్యిజారాడన్న బాధ, మగవాడై వచ్చాడన్న సంతోషం, రెండూ ఆ కన్నీళ్ళే. దుఃఖం వెతికినవాళ్ళు చూడాల్సింది ఇక్కడ.

అభ్యాసం: మ్యూజియం ఫొటోలు 8 తీసుకుని ఫోన్‌లో నలుపు-తెలుపుగా మార్చండి. ఒక్కోదానికి పేరు, ఎవరిది, అంచులో ఏం చూసి చెప్పారు, మూడూ రాయండి. రంగు పేరు కనిపించిన జవాబు దిద్దను.