ఆంగ్ల పదాల పుట్టుక – 6వ పాఠం: హార్లెక్విన్

నిఘంటువులోని వ్యుత్పత్తి భాగాన్ని చివరి నుంచి మొదటికి చదవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి పని ఇంకొంచెం కష్టం. ఒకే పదానికి నాలుగైదు అర్థాలు కనిపిస్తే, వాటిని బట్టీ పట్టకుండా అన్నింటినీ కలిపే దారాన్ని పట్టుకోవాలి. అందుకు హార్లెక్విన్ చక్కని పదం.

చిన్న నిఘంటువులు దీనికి ‘రంగురంగుల దుస్తుల విదూషకుడు’ అని అర్థం చెప్పి ఊరుకుంటాయి. ఆ విదూషకుడు ఇటలీవాడు, పేరు ఆర్లెక్కీనో. 16వ శతాబ్దంలో అక్కడి వృత్తి నటులు కొమ్మెదియా దెల్లార్తె అనే నాటకాలు ఆడేవారు. కథ మాత్రం ముందే అనుకుని, మాటలను వేదిక మీద అప్పటికప్పుడు అల్లేవారు. వాటిలో బెర్గామో ప్రాంతం నుంచి వచ్చిన పనివాడి పాత్ర ఇది. ఎప్పుడూ ఆకలితో ఉంటాడు, యజమానిని ఏమార్చబోయి తానే చిక్కుల్లో పడతాడు. ముఖానికి నల్లని ముసుగు, చేతిలో చెక్కబద్ద. రెండు పలచని చెక్కలను కలిపి చేసిన ఆ బద్దతో కొడితే చప్పుడు పెద్దగా వస్తుంది, దెబ్బ మాత్రం అంతగా తగలదు. అలాంటి బద్దకు ఇంగ్లీషులో స్లాప్‌స్టిక్ అని పేరు. కొట్టుకోవడం, పడిపోవడంతో నవ్వించే హాస్యానికి ఆ పేరు ఇక్కడి నుంచే వచ్చింది.

ఇక దుస్తుల సంగతి. ఈ పాత్రకు పేరు తెచ్చిన తొలి నటుల్లో ఒకరైన త్రిస్తానో మార్తినెల్లి 1580లలో పారిస్‌లో ఆడినప్పటి బొమ్మల్లో బట్టల నిండా అడ్డదిడ్డంగా వేసిన అతుకులే. అది పేదవాడి చిరుగుల బట్ట. తర్వాతి కాలంలో ఆ అతుకులే పేకముక్క మీది డైమండ్ ఆకారంలో, రంగుల వరుసలుగా కుదురుకున్నాయి. ఈ అతుకులను గుర్తు పెట్టుకోండి, వీటితో మళ్ళీ పని ఉంది.

పేరు మాత్రం ఈ ఇటలీ పాత్ర కంటే పాతది. ఆర్డెరిక్ విటాలిస్ అనే సన్యాసి 12వ శతాబ్దంలో ఒక వింత సంగతి రాశాడు. 1091 జనవరిలో ఒక రాత్రి నార్మండీలో ఒక పూజారికి మృతాత్మల ఊరేగింపు ఎదురైందట. దాన్ని ఆయన హెర్లెకిన్ పరివారం అన్నాడు. పాత ఫ్రెంచిలో ఆ దయ్యాల దండు నాయకుడే హెల్లెకిన్. ఆ పేరుకు మూలం పాత ఇంగ్లీషులోని ‘హెర్లా రాజు’ కావచ్చని పండితుల ఊహ. ఇలాంటి చోట నిఘంటువులు ‘బహుశా’ అని రాస్తాయి. ఆ మాటను దాటేయకండి. దాని ముందున్నది రుజువైన చరిత్ర, తర్వాతిది ఊహ. మీ నోటు పుస్తకంలో ఆ రెండింటికీ మధ్య ఒక గీత గీయండి.

ఇప్పుడు అసలు సాధన. గ్రేట్ డేన్ కుక్కల్లో హార్లెక్విన్ అంటే తెల్లని ఒంటి మీద చిరిగిన అంచులున్న నల్లని మచ్చలు. అక్కడున్నవి నలుపు తెలుపులే! కాబట్టి ‘రంగురంగుల’ అనే అర్థం ఇక్కడ పనికిరాదు, ‘అతుకులు వేసినట్టున్న’ అనే అర్థం సరిపోతుంది. నవజాత శిశువులకు అరుదుగా వచ్చే హార్లెక్విన్ ఇక్తియోసిస్ అనే జబ్బులో చర్మం మందమైన పలకలుగా చీలుతుంది. ఆ పలకలు డైమండ్ ఆకారంలో కనిపిస్తాయి గనుక ఆ పేరు. అంటే ఈ పదం తనతో మోసుకొచ్చింది రంగును కాదు, బట్ట మీది అతుకును. హాస్యం సంగతి కూడా అంతే. కుక్కలోనూ జబ్బులోనూ అది లేదు. హార్లెక్వినేడ్ (హార్లెక్విన్ పాత్ర ఉండే హాస్య ప్రదర్శన) వంటి రంగస్థల పదాల్లో మాత్రమే అది మిగిలింది.

అభ్యాసం: హార్లెక్విన్ బాతు, హార్లెక్విన్ సిండ్రోమ్ – ఈ రెండింటికీ బొమ్మలు వెతికి చూడండి. సిండ్రోమ్‌లో ముఖం ఒక సగం ఎర్రబడి చెమట పడుతుంది, రెండో సగం మామూలుగానే ఉంటుంది. ఒక్కో చోట పేరు పెట్టినవారి కంటికి ఆనింది రంగా, అతుకా, ఆకారమా? ఒక్కో వాక్యంలో జవాబు రాయండి. వచ్చే పాఠంలో ఇదే నాటక బృందం నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ‘జేనీ’, ‘పాంటలూన్’ పదాలను చూద్దాం.