చెరువు మీటింగ్‌కి ముందు ఒక చార్టు

చిత్తూరు పక్క పల్లెల్లో చెరువు బాగుచేయాలంటే సర్పంచ్, ఇంజనీరు, ఆయకట్టు రైతులు అని లిస్టు రాసి మీటింగ్ పెట్టేస్తారు. ఆ లిస్టు కాసేపు పక్కన పెట్టండి. చార్టు మీద ముందు విషయాలు రాయండి: తూము ఎక్కడ కారుతోంది, మొరవ (చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లి పోయే దారి) చివరిసారి ఎప్పుడు పారింది, వంక నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి. తర్వాత ఒక్కొక్కరినీ అడగండి: "ఇది మీకు తెలియకపోతే ఎవరిని అడుగుతారు?" ఆ విషయం నుంచి ఆ పేరుకి బాణం గీయండి.

మేం గీస్తే సగం బాణాలు నీరుగంటి (పొలాలకి చెరువు నీళ్లు వదిలే మనిషి) తాత దగ్గరికే పోయాయి. తూము గోడలోకి మర్రి వేరు దూరిందని ఆయనకే తెలుసు. మేం ఆయన్ని పిలవనే లేదు! గొర్రెలు మేపే ఆమెకి కూడా రెండు వచ్చాయి.

ఏ విషయం నుంచైనా ఒక్క బాణం కూడా పోకపోతే, ఎస్టిమేట్ వేసేలోపు దాని సంగతి తేల్చుకోండి. పెన్సిల్‌తోనే గీయండి, పేర్లు మారుతుంటాయి.