డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు హోటల్లో తామే టిఫిన్ అడగడం నేర్పేదెలా?

పదహారేళ్లు వచ్చినా వీళ్ల తరఫున అమ్మో నాన్నో మాట్లాడేస్తుంటారు. అనంతపురంలోనూ కర్నూలులోనూ ఏ హోటల్లో చూసినా ఇదే వరస. వాళ్లు అడగగలరు. మనమే అడగనివ్వం.

ముందుగా చెవులు పరీక్ష చేయించండి. డౌన్ సిండ్రోమ్‌లో మధ్యచెవిలో నీరు చేరి వినికిడి మందగించడం తరచుగా కనిపిస్తుంది. ఆపైన, మీరు వెళ్లబోయే హోటల్లోనే ఉగ్గాని, బజ్జీల ప్లేటును ఫొటో తీసి అట్టకు అంటించండి. విన్నదానికంటే చూసింది వీళ్లకు బాగా గుర్తుంటుంది. ఫోనులో చూపిస్తే చాలదా అంటారు. చాలదు. ఫోను చేతికిస్తే చూపు వీడియోల మీదికి పోతుంది. ఇంట్లో ఒకే వాక్యం పలికించండి: “అన్నా, ఒక ఉగ్గాని, రెండు బజ్జీలు.” రద్దీ తగ్గాక, పదకొండు గంటలకు వెళ్లండి. “బాబే అడుగుతాడు, మీరు నావైపు చూడకండి” అని యజమానికి ముందే చెప్పండి.

ఇక అందరూ పాడుచేసే ఘట్టం. “ఏం కావాలి బాబూ?” అని యజమాని అడుగుతాడు. బాబు పలకడు. ఆ క్షణంలో మీరు నోరు తెరవకూడదు. వీళ్లకు అర్థమైనంత త్వరగా మాట బయటికి రాదు. ప్రశ్నను పట్టుకోవాలి, మాటలు కూడదీసుకోవాలి, పట్టు తక్కువగా ఉండే నాలుకను, పెదవులను కదపాలి. మీకు మౌనంగా కనిపించేది వాడికి పని. మధ్యలో “చెప్పరా, చెప్పు” అన్నారంటే కూడదీసుకున్నదంతా చెదిరి, మళ్లీ మొదటికి వస్తుంది.

మనసులో పది దాకా, నెమ్మదిగా, లెక్కపెట్టండి. వెనకున్నవాళ్లు తొందరపడితే వాళ్లను ముందుకు పంపండి, పిల్లవాణ్ణి పక్కకు లాగకండి. యజమాని మీవైపు తిరిగితే మీరు పిల్లవాడివైపు చూడండి. పది దాటినా మాట రాకపోతే అట్ట కాస్త పైకెత్తండి, మాట్లాడకుండా. అప్పటికీ రాకపోతే “అన్నా...” అని మొదటి మాట మాత్రం అందించి మళ్లీ ఆగండి. వాక్యం మొత్తం మీరు చెప్పారా, ఆ రోజు పాఠం పాడైపోయినట్టే. “బజ్జీ” బదులు “బద్దీ” అన్నా అక్కడ సరిదిద్దవద్దు. ప్లేటు వచ్చిందంటే మాట చేరినట్టే.

“కళ్లలోకి చూసి మాట్లాడు” అని గడ్డం పట్టుకుని తిప్పేవాళ్లను చూస్తే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి. అన్ని సిండ్రోమ్‌లకూ ఒకే పాఠం చెబుతారు. డౌన్‌లో 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ప్రతులుంటుంది. ఫ్రాజైల్ ఎక్స్ అనే మరో సిండ్రోమ్‌లో ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉన్న ఒక జన్యువు పనిచేయదు. ఆ పిల్లల్లో చాలామందికి ఎదుటివారి చూపే ఆందోళన పెంచుతుంది. వాళ్లను యజమానికి ఎదురుగా కాక పక్కగా నిలబెట్టండి, అట్టనే చూస్తూ అడగనివ్వండి. ఏడో క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపించే విలియమ్స్ సిండ్రోమ్‌లో సమస్య తలకిందులు. ముక్కూమొహం తెలియనివారినీ చనువుగా పలకరిస్తారు. వాళ్లకు నేర్పాల్సింది బిడియం పోగొట్టుకోవడం కాదు, ఎవరితో ఎంతవరకు మాట్లాడాలన్నది.

ఒకే హోటల్లో తడబడకుండా అడిగేదాకా డబ్బు లెక్క జోలికి పోకండి. ఆ తర్వాత డబ్బు వాడి చేతే ఇప్పించండి. మరో హోటల్‌కు మారినప్పుడు పాఠం మొదటినుంచీ మొదలుపెట్టండి, కొత్త ప్లేటు ఫొటోతో సహా. అక్కడా కుదిరాక మీరు పక్క బల్ల దగ్గర కూర్చోండి.