లోకల్ ఛానల్‌కు మన ఊరి సభ, మన ఊరి నాటకం చిత్రీకరించే పద్ధతి

మా కేబుల్ ఛానల్‌లో పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల చేతికి నేను మొదట కెమెరా ఇవ్వను, హెడ్‌ఫోన్ ఇస్తాను. బొమ్మ కాస్త మసకబారినా ఊరివాళ్లు చూస్తారు. మాట వినపడకపోతే మాత్రం ఛానల్ మార్చేస్తారు. అందుకే కార్యక్రమానికి గంట ముందే వెళ్లి మైక్‌సెట్ అతన్ని కలవండి. మిక్సర్ నుంచి మన రికార్డరుకు ఒక వైరు ఇమ్మని అడగండి. వేదిక మీది మాటలు దానిలో వస్తాయి. ఇంకో మైకు జనం మధ్య పెట్టండి, ప్రశ్నలు పుట్టేది అక్కడే.

తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ కనీసం రెండు నెలలకోసారి జరగాలి. అంటే మనకు పని ఏడాది పొడవునా ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మొదటి ప్రసంగం తీసుకొని స్టాండు మడిచేయకండి. అసలు సభ ఆ తర్వాతే మొదలవుతుంది. చివరి వరుసలో నుంచి ఒకామె లేచి తమ వీధి కుళాయికి నీళ్లు ఎందుకు రావడం లేదని అడుగుతుంది. ఆమె ప్రశ్న మొత్తం, దానికి అధికారి ఇచ్చిన జవాబు మొత్తం కోత లేకుండా వేయండి. పెద్ద ఛానళ్లు అర నిమిషానికి మించి ఇవ్వలేని చోట మనం పది నిమిషాలు ఇవ్వగలం. మన ఛానల్ ఉన్నదే అందుకు. అజెండా కాపీ ముందే తీసుకుంటే ఏ అంశం చర్చకు రాకుండా దాటిపోయిందో కూడా చెప్పగలుగుతారు.

కెమెరా ఎత్తు సంగతి జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ మహిళల దగ్గర నేర్చుకోవాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో వీడియో తీయడం నేర్చిన ఆ రైతు మహిళలు, మనిషి కళ్లకు సమానమైన ఎత్తులో తీసే దాన్ని ‘సంఘం షాట్’ అన్నారు. ఊరి పెత్తందారు చూసినట్టు పై నుంచి కిందికి చూసేది వారికి ‘పటేల్ షాట్’. జనం నేల మీద కూర్చుంటే మీరూ స్టాండు దించి కూర్చోండి.

బుర్రకథకు వెళ్తే జూమ్ మీదికి చేయి పోనివ్వకండి. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. షేక్ నాజర్ గారి కాలంలో ఈ కళ జనాన్ని కదిలించిందంటే అందులో ఆ రాజకీయపు వంతకూ గట్టి పాత్ర ఉంది. కథకుడి ముఖానికే అతుక్కుపోతే వంత విసిరిన మాట, దానికి కథకుడి చిరునవ్వు రెండూ పోతాయి. ముగ్గురూ పట్టేలా ఒక కెమెరా కదలకుండా ఉండాలి. వేళ్ల అందెల కోసం, అడుగుల కోసం రెండోది ఫోనైనా చాలు.

పద్యనాటకంలో పద్యాన్ని ఎప్పుడూ మధ్యలో కోయకండి, చివరి రాగాలాపన దాకా ఆగండి. తోలుబొమ్మలాటలో దీపం తెర వెనక ఉంటుంది కాబట్టి ముందు నుంచి మీ లైటు వేయకండి. కెమెరా వెలుగును తనంతట తానే సర్దుకునే ఆటో ఎక్స్‌పోజరు తీసేయండి, లేకపోతే బొమ్మ కదిలినప్పుడల్లా తెర వెలుగు మారిపోతుంది. పేర్లు కళాకారుల చేతనే మీ పుస్తకంలో రాయించుకోండి. హార్మోనియం వాయించినవారి పేరు కూడా తెర మీద పడాలి.

అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలప్పుడు రెండు సంగతులు మరవకండి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు టీవీలో ఎన్నికల ప్రచారం చూపకూడదు. కేబుల్‌కూ అది వర్తిస్తుంది. పార్టీల ప్రకటన వేయాలంటే మీడియా ధ్రువీకరణ కమిటీ అనుమతి పత్రం ముందే చేతిలో ఉండాలి. అభ్యర్థుల ముఖాముఖికి అందరికీ సమాన నిమిషాలు ఇవ్వండి, వరుసను చీటీలు తీసి నిర్ణయించండి.

కేబుల్ సంస్థల సొంత ఛానళ్ల కార్యక్రమాల రికార్డింగును 90 రోజులు దాచాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. కళారూపాల విషయంలో ఆ గడువు దాటినా చెరపకండి. ఊరు, తేదీ, పేర్లు రాసి వేరే హార్డ్ డిస్కులో ఉంచండి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో బృందానికి ఇవ్వండి. ప్రసారం ఏ రోజు, ఎన్ని గంటలకో ముందే ఫోను చేసి చెప్పండి.